అప్‌డేట్: గిటార్ ఆంప్ ముందు పెట్టే ఓవర్‌డ్రైవ్ పెడల్ దొరికింది

పోయిన నెల అడిగింది నేనే. డ్రాప్ సిలో (ఆరో తీగను సి స్వరం దాకా దించే శ్రుతి) పామ్ మ్యూట్ (అరచేతి అంచు తీగలకు ఆనించి) వాయిస్తే హై గెయిన్ ఆంప్‌లో (శబ్దాన్ని బాగా గరుకు చేసే ఆంప్) ఆరో తీగ బురదలో కాలు దిగబడినట్టు మోగుతోంది, ఓవర్‌డ్రైవ్ పెడళ్లలో (శబ్దాన్ని పెంచి గరుకు చేసే చిన్న పెట్టెలు) ట్యూబ్ స్క్రీమర్ కొనాలా, బాస్ కంపెనీ ఎస్‌డీ-1 కొనాలా అని.

రెండూ అరువు తెచ్చి పక్కపక్కన పెట్టి విన్నాను. మొదటి రోజు పెడల్ మీది డ్రైవ్ (గరుకుదనం పెంచే నాబ్) సగానికి తిప్పి, వచ్చిన హోరుకు దండం పెట్టి కట్టేశాను. మీరు చెప్పినట్టు డ్రైవ్ సున్నా, లెవెల్ పూర్తిగా, టోన్ మధ్యలో పెట్టి, ఆంప్ గెయిన్‌ను 7 నుంచి 5కి దించాక అసలు సంగతి బోధపడింది. ట్యూబ్ స్క్రీమర్ దాదాపు 720 హెర్ట్జ్ కింది స్వరాలను పెద్దగా పెంచదు. ఆంప్‌లోకి మంద్ర శబ్దం తక్కువగా వెళ్తుంది కాబట్టి అది ముద్దకట్టదు. ఆంప్‌లో బేస్ తగ్గిస్తే ఈ ఫలితం రాలేదు. నా దాంట్లో ఆ నాబ్ గెయిన్ దశల తర్వాత, అంటే శబ్దం ముద్దకట్టాక ఉంది మరి.

కళ్లు మూసుకుని వింటే రెండు పెడళ్లకూ తేడా పట్టలేకపోయాను. అందుకే చవకైన ఎస్‌డీ-1 కొన్నాను. వాయించడం ఆపగానే బుస మాత్రం వినిపిస్తోంది. ఇక ఆ బుసను ఆపే నాయిస్ గేట్ వెతకాలి.