చేను, చెరువు తప్ప వేరే ధ్యాస లేని నాయినను ఏ దేశం తీసుకుపోవాలి?

మునుగోడు_మట్టి:
అందరికీ నమస్కారం. మాది మునుగోడు దగ్గర పల్లె. నాయినకు అరవై దాటినయి, ఇప్పటికీ పత్తి, వరి, కొన్ని బత్తాయి చెట్లు ఆయనే చూసుకుంటాడు. అమ్మకూ నాయినకూ పాస్‌పోర్టులు చేయించాను. ఎవరిని అడిగినా దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్ అంటున్నారు. మా నాయిన హైదరాబాద్‌లో నా దగ్గరికి వస్తేనే రెండో రోజు నుంచి ఊరికి ఎప్పుడు పోదాం అంటాడు, పెద్ద బిల్డింగులు చూపిస్తే ఆయనకు ఏం సంతోషం? ఆయనకు దారిలో ఎవరైనా పొలంలో కనిపిస్తే చాలు, ఆగి ఏం విత్తనం, నీళ్లు ఎక్కడివి అని మాట కలుపుతాడు. మీరు తిరిగిన దేశాల్లో చెట్టు చేమ, తిండి, ఊరి బతుకు మనసులో నిలిచిపోయింది ఎక్కడ? ప్యాకేజీల లిస్టు వద్దు, మీ కళ్లతో చూసింది చెప్పండి. అమ్మ మాంసం ముట్టదు, ఎన్ని తిన్నా అన్నం లేకపోతే ఆమెకు భోజనం చేసినట్టు ఉండదు.

పానగల్లు_కట్ట:
తమ్ముడూ, రెండో ఆలోచన లేకుండా శ్రీలంక తీసుకుపో. అయితే అందరూ పోయే బీచ్‌ల వైపు కాదు, అనురాధపురం, పొలన్నరువ వైపు. అక్కడ వాన ఎక్కువగా అక్టోబర్ నుంచి జనవరి వరకే పడుతుంది, మిగతా ఏడాదంతా చెరువుల మీదే బతుకు. నేను మా పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద ఆడుకుంటూ పెరిగినవాణ్ని. కలావెవ అనే పెద్ద చెరువు కట్ట ఎక్కి నిలబడినప్పుడు పరాయి దేశంలో ఉన్నానన్న సంగతే మరిచిపోయాను. దాన్ని 5వ శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించాడు. దాని నుంచి అనురాధపురం చెరువులకు 87 కిలోమీటర్ల కాలువ తవ్వారు, మొదటి 17 మైళ్లలో వాలు మైలుకు 6 అంగుళాలే. ఏ మెషిన్లూ లేని కాలంలో అంత సన్నటి వాలు ఎట్లా కొలిచారో అని నేను ఆ కాలువ గట్టు మీద చాలాసేపు నడిచాను. ఇప్పటికీ దాంట్లో నీళ్లు పారుతున్నాయి.

మీ నాయినకు మాత్రం పెద్ద చెరువుల కన్నా పల్లె చెరువులు చూపించు. మన గొలుసుకట్టు లాగే ఒకదాని అలుగు నీళ్లు కిందిదానికి పోతాయి. పైన ఒండ్రు ఆపడానికి చిన్న కుంట ఉంటుంది, చెరువులోకి నీళ్లు వచ్చే దిక్కున చెట్ల వరుస ఉంటుంది. కట్ట దిగువన కూడా పొలాలకు ముందు ఒక చెట్ల పట్టీ వదిలిపెడతారు, కట్ట నుంచి ఊరే నీళ్లలోని ఉప్పును ఆ చెట్లు పట్టుకుని పొలం చవుడు కాకుండా కాపాడతాయి. మన దగ్గర ఆ జాగా ఎప్పుడో చదును చేసి మడి కట్టేసేవాళ్లం. నన్ను ఇంకా కదిలించింది బెత్మ అనే పద్ధతి. చెరువులో నీళ్లు తక్కువ ఉన్న ఏడాది ఆయకట్టు మొత్తం వేయరు, తూముకు దగ్గర ఉన్న భూమిని మాత్రమే సాగుచేస్తారు. ఆ భూమి ఎవరి పేరు మీద ఉన్నా సరే, ఆ ఒక్క పంట కారుకు రైతులందరూ తలా కొంత పంచుకుంటారు. చివరి మడి వాడికీ గింజలు దొరుకుతాయి. యాసంగిలో నీళ్ల కోసం అన్నదమ్ములే గొడవపడటం చూసినవాణ్ని కాబట్టి ఈ సంగతి విన్నప్పుడు నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

కలావెవ దగ్గరే అవుకన బుద్ధుడు ఉన్నాడు, బండనే చెక్కిన నిలువెత్తు విగ్రహం. దాని నమూనా మన సాగర్ బుద్ధవనంలో ఉంది, పోయే ముందు ఒకసారి అక్కడికి తీసుకుపోతే అసలుది చూసినప్పుడు వాళ్లకు బాగా అర్థమవుతుంది.

మక్తల్_డ్రైవర్:
అన్న చెప్పింది బాగుంది కానీ నేను వేరే చెప్తా. గల్ఫ్ అంటే మన పాలమూరోళ్లకు ఎండ, క్యాంపు, ఓవర్‌టైమ్ ఇవే గుర్తొస్తాయి. నేను ఒమన్‌లో సలాలా వైపు బండి నడిపాను. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ దాకా మస్కట్ నలభై దాటి మండుతుంటే అక్కడ ముసురు పట్టి ఉంటుంది. మనకు వాన తెచ్చే నైరుతి గాలే ఆ తీరం పక్క నుంచి పోతుంది, సముద్రం అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి రావడంతో మంచు మేఘం లేచి కొండలకు ఆనుకుని తుంపర కురుస్తుంది. నిన్నటిదాకా ఎండి గోధుమ రంగులో ఉన్న కొండలు పచ్చగా మారతాయి, ఒంటెలు, ఆవులు ఆ గడ్డిలో మేస్తుంటాయి, చుట్టుపక్కల దేశాల నుంచి కుటుంబాలు వచ్చి తుంపరలో తడుస్తూ చాపలేసుకుని కూర్చుంటాయి. వాన అంటే ఆ జనానికి ఎంత ఇష్టమో చూస్తే మన ఊరోళ్లు గుర్తొస్తారు.

రోడ్డు పక్కన వరుసగా కొబ్బరిబోండాలు, అరటిపండ్లు, బొప్పాయి అమ్మే కొట్లు. రాళ్లను నిప్పుల మీద కాల్చి వాటి మీద మాంసం వేసి వండుతారు, మద్బీ అంటారు, మీ నాయిన తింటే తప్పకుండా పెట్టించు. ఎవరి ఇంటికి పోయినా ఖర్జూరం, కహ్వా అనే కాఫీ ఇస్తారు. చిన్న కప్పు ఖాళీ అయిన కొద్దీ పోస్తూనే ఉంటారు, చాలు అనాలంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, ఇది ముందే చెప్పిపెట్టు.

వాదీ దౌకా అనే చోట ధూపం చెట్లు ఉన్నాయి, యునెస్కో జాబితాలో ఉన్న జాగా. బెరడు మీద గాటు పెట్టి వదిలేస్తే పాల లాంటి జిగురు కారి గడ్డకడుతుంది, తర్వాత వచ్చి గీక్కుంటారు. మన అచ్చంపేట పైన చెంచులు తపసి బంక తీసే పనే ఇది. ఒక ముసలాయన నా చేతిలో రెండు పలుకులు పెట్టి డబ్బులు వద్దన్నాడు.

మిర్యాలగూడ_అక్క:
ఇద్దరూ నాయిన కోసమే చెప్పారు, అమ్మ సంగతి చూడండి. ఆమెకైతే శ్రీలంకే సుఖం, మూడు పూటలా అన్నం దొరుకుతుంది. ఎర్ర బియ్యం అన్నం, కొబ్బరిపాలు పోసిన పప్పు, పనసకాయ కూర, ఏదో ఒక ఆకుకూర, పక్కన పచ్చికొబ్బరి తొక్కు. ఒక జాగ్రత్త, ఆ కొబ్బరి తొక్కులోనూ, కొన్ని కూరగాయల కూరల్లోనూ ఎండుచేప పొడి వేస్తారు. అది చేప కిందికే రాదన్నట్టు మాట్లాడతారు కాబట్టి "మాంసం వద్దు" అంటే సరిపోదు, చేప పొడి కూడా వద్దని ప్రతిచోటా విడిగా చెప్పండి. పొద్దున ఆకు రసంతో చేసిన వేడి గంజి, పక్కన బెల్లం ముక్క ఇస్తారు, మా అత్తమ్మ అదే కావాలని రోజూ అడిగింది. మట్టి చట్టిల్లో తోడుపెట్టిన బర్రె పెరుగు మీద జీలుగు పాకం పోసి ఇస్తారు, అంత కమ్మటి పెరుగు నేను ఇంకెక్కడా తినలేదు.

అన్నీ చెరువులే చూపిస్తే ఆమె అలిసిపోతుంది. క్యాండీ నుంచి ఎల్ల దాకా రైలు ఎక్కించండి, టీ తోటల మధ్య నుంచి మెల్లగా పోతుంది. అక్కడ ఆకు కోసేవాళ్లు ఎక్కువగా తమిళ ఆడవాళ్లు, బ్రిటిష్ వాళ్ల కాలంలో తీసుకొచ్చిన కూలీల మనవరాళ్లు, ఇప్పటికీ చాలామంది అప్పట్లో కూలీల కోసం వరుసగా కట్టిన లైన్ ఇళ్లలోనే ఉంటున్నారు. ఫోటోలు తీసుకుని వచ్చేయకుండా రెండు మాటలు మాట్లాడండి, మన దగ్గర వలస అంటే ఏంటో మనకు తెలుసు కదా. గుళ్ల దగ్గర చెప్పులు విప్పాలి, ఎండకు బండలు కాలుతాయి కాబట్టి సాక్సులు పెట్టుకోండి. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగొద్దు, వాళ్లకు చాలా బాధ కలుగుతుంది.

మునుగోడు_మట్టి:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. సలాలా కూడా మనసులో పెట్టుకున్నా, వచ్చే వానాకాలం చూద్దాం. శ్రీలంక గురించి ఒకటి అడగాలి. మా ఊళ్లో తాగే నీళ్లంటే పెద్దవాళ్లకు భయం, నాయిన తోటివాళ్లు కొందరు ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయి బతికారు. అక్కడ పల్లెల్లో నీళ్లు ఎట్లా ఉంటాయి?

పానగల్లు_కట్ట:
సరిగ్గా అడిగావు. అనురాధపురం వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది. దానికి తోడు అక్కడి వరి రైతుల్లో కిడ్నీ జబ్బు చాలామందిని పట్టుకుంది, కారణం మీద సైంటిస్టులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఊరూరా ఆర్‌ఓ ప్లాంట్లు పెట్టారు, సాయంత్రం క్యాన్లు పట్టుకుని జనం నిలబడతారు. మీరు సీసా నీళ్లే తాగండి, టెన్షన్ అవసరం లేదు. నేను దిగిన ఇంటి పెద్దాయనకు మాది నల్గొండ అని చెప్పి, నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే ఉందని చెప్తే, ఆయన నన్ను కూర్చోబెట్టి మీ ఊళ్లో ఏం చేశారు, ఇప్పుడు పిల్లలు బాగున్నారా అని రాత్రిదాకా అడుగుతూనే ఉన్నాడు. మీ నాయినను అట్లాంటి ఇంట్లోనే దింపు, హోటల్ వద్దు. డ్రైవర్లలో తమిళం వచ్చినవాళ్లు దొరుకుతారు, కొంచెం తమిళం, కొంచెం ఇంగ్లీష్‌తో నువ్వు మధ్యలో ఉంటే పని జరుగుతుంది.

ఏనుగులు చూడాలంటే ఆగస్టు, సెప్టెంబర్‌లో పోండి, మిన్నేరియ చెరువు నీళ్లు తగ్గి శిఖంలో లేత గడ్డి మొలుస్తుంది, దాని కోసం గుంపులు గుంపులుగా వస్తాయి. నన్నడిగితే ఫిబ్రవరి ఆఖర్లో పొమ్మంటాను, చెరువులు నిండుగా ఉంటాయి, వరి కోతలు మొదలవుతాయి, మీ నాయినకు మాట కలపడానికి ప్రతి గట్టు మీదా ఒక మనిషి ఉంటాడు. ఈటీఏ, అంటే ఆ దేశంలోకి పోవడానికి ఇచ్చే ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకో.