సీతమ్మ గారి అంతర్వేది ప్రయాణం: నిండైన బతుకంటే ఇదేనా?

లంకవాసి:

పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం రైతు జోగన్న గారిని పెళ్లాడి, 1909లో పోయేదాకా వేళ కాని వేళ వచ్చినవారికి సైతం అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె.

మా వైపు అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. ఊరు కదలని ఆమె ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయలుదేరిందట. దారిలో బోయీలు అలుపు తీర్చుకుంటుండగా, ఆకలికి ఏడుస్తున్న పిల్లలను ఒక పెళ్లివారు ‘కాసేపు ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారింట్లో అన్నం దొరుకుతుంది’ అని ఊరడించడం ఆమె చెవిన పడింది. వెంటనే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టిందని చెబుతారు. చిన్నప్పుడు ఈ కథ విన్న ప్రతిసారీ నాకు కళ్లు చెమర్చేవి. ఈమధ్య మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఇది మంచి జీవితానికి నిదర్శనమా, లేక ఒక్క రోజైనా తనకంటూ మిగుల్చుకోలేకపోయిన మనిషి కథా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పగోరుతాను.

విశ్రాంత పంతులు:

లంకవాసి గారూ, ఇందులో సందేహానికి చోటు లేదు. వంతెనలు లేని ఆ రోజుల్లో కోనసీమలో ప్రయాణమంటే రేవు రేవుకీ పడవ కోసం కాచుకోవడమే; పడవ ఆలస్యమైతే చీకటి పడేది, దారిలో పూటకూళ్ల ఇల్లు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కనుక ఎప్పుడు వెళ్లినా పొయ్యి వెలిగే ఇల్లొకటి గన్నవరంలో ఉందన్న ధీమా బాటసారికి ఎంతటిదో నేటివారు ఊహించలేరు. ఇంటికి వచ్చినవారిని ఎవరినీ తిప్పి పంపకపోవడాన్ని తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి వ్రతమని చెప్పింది. ఏకాదశి నాడు ఉపవాసమున్న మనిషిని చూసి పాపం, పస్తున్నాడని మనం జాలిపడం కదా! మీ సందేహం ఉపవాసాన్ని పస్తుగా లెక్కకట్టడం లాంటిది.

ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆహ్వానం వచ్చినా ఆమె వెళ్లలేదనీ, చివరకు అధికారులు ఆమె ఛాయాచిత్రాన్ని తీయించి పంపుకున్నారనీ చెబుతారు. చక్రవర్తి పిలుపునే కాదనగలిగిన మనిషికి స్వేచ్ఛ లేదని ఎలా అనగలం? తన బతుకు దేనికోసమో తెలిసి, ఆ పనిలోనే రోజులు గడిచిపోవడం కంటే మంచి జీవితం నాకు తెలియదు.

పైసాలెక్క:

పంతులు గారు ఉదహరించిన వాక్యం వెంటనే, కాబట్టి ఏదో ఒక విధాన అన్నాన్ని సమృద్ధిగా సంపాదించమని అదే భృగువల్లి చెబుతుంది. ఆ మాట వారు వదిలేశారు. జోగన్న గారికి పొలం లేకపోతే ఈ వ్రతం ఎన్నాళ్లు సాగేది? ఔదార్యం చూపడానికి చేతిలో కొంత ఉండాలని అరిస్టాటిల్ కూడా ఒప్పుకున్నాడు. మంచి జీవితం గురించి మాట్లాడేటప్పుడు గుణాన్ని ఎంత పొగిడినా, గాదెలోని ధాన్యాన్ని పక్కన పెట్టి మాట్లాడడం సరికాదు.

వంటింటి కిటికీ:

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. సన్మానానికి వెళ్లనన్న ఇల్లాలిని లోకం మెచ్చుకుంటుంది. కాబట్టి ఆ కాదనడం పరీక్షే కాదు. గుమ్మంలో నిలబడిన అతిథితో ‘ఈ పూట నా వల్ల కాదు’ అనగలగడమే పరీక్ష, ఆ మాట అనే వీలు ఆ కాలపు ఏ ఇల్లాలికీ లేదు.

మా అమ్మమ్మ ఇల్లు సీతమ్మ గారి ఇల్లంత పెద్దది కాదు గానీ, వేళాపాళా లేని చుట్టాలకు లోటుండేది కాదు. మగవాళ్ల పంక్తి, పిల్లల పంక్తి, పాలేళ్ల భోజనాలు అయ్యాక, తపేలా అడుగున అంటుకున్న అన్నాన్ని అట్లకాడతో గీకి, అందులో మజ్జిగ పోసుకుని, పొయ్యి పక్కనే గొంతుకూర్చుని తినేది. ఇంకా రెండు ముద్దలు ఉండగానే వీధిలో బండి చప్పుడైతే చెయ్యి కడుక్కుని లేచేది. తాతయ్యకు ఊరంతా అన్నదాత అని పేరు. పొగ తాగిన కళ్లు మాత్రం ఆవిడవి.

అందుకే అంతర్వేది కథ వింటుంటే నా చూపు పల్లకీ వెంట పోదు. అంతర్వేది దేశాంతరమేమీ కాదు, కోనసీమలోనే ఉంది. ఇంటి దగ్గర ఇంకో మనిషి పొయ్యి వెలిగించి, ‘ఈ పెళ్లివారికి నేను వండి పెడతాను, నువ్వు స్వామిని చూసి రా’ అని ఉంటే ఆమె వెనుదిరగవలసిన పనే లేదు. కథ చెప్పే ఏ ఒక్కరికీ ఆ మాట తట్టదు. ఆమె మంచిదని నేనూ ఒప్పుకుంటాను. ఆమె మంచితనాన్ని మనం చెప్పుకునే తీరులో మన సౌకర్యం కూడా కొంత దాగి ఉందన్నదే నా అభ్యంతరం.

విశ్రాంత పంతులు:

అమ్మా, నేను పైన రాసిన జవాబు చదివి మా ఆవిడ, ‘అతిథి ధర్మం గురించి రాసినంతసేపూ కాఫీ ఎవరు తెచ్చి ఇచ్చారో కూడా రాయండి’ అంది. రాస్తున్నాను. రెండుసార్లు ఆమే తెచ్చింది.

అయినా నా పట్టు పూర్తిగా వదలలేను. వీలు లేని చోట చేసిన పనిలో ఇష్టం ఉండదనుకుంటే, మన ముందు తరాల ఆడవారిలో మంచి జీవితం గడిపిన వారే లేరని తేల్చవలసి వస్తుంది. అది వారికి మనం చేసే రెండో అన్యాయం. దారిలో ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు, ఎవరూ నిలదీయలేదు. పల్లకీ ముందుకు సాగి ఉంటే అడిగేవాళ్లు లేరు. కథ నిజమైతే, కనీసం ఆ కాసేపు నిర్ణయం ఆమె చేతిలోనే ఉంది.

లంకవాసి:

ఈ కోణం నాకు తోచలేదు. ఇన్నాళ్లూ ఈ కథలో వెనక్కి తిరిగిన పల్లకీనే చూశాను. చెట్టు నీడన ఆగి ఉన్న పల్లకీని చూడలేదు. అయితే గన్నవరంలో తానుంటే తప్ప పొయ్యి వెలగదని ఆమెకు తెలుసు కదా. అది తెలిసిన మనిషి తీసుకున్నది ఎంతవరకు సొంత నిర్ణయమో నాకింకా తేలడం లేదు.

వంటింటి కిటికీ:

నాకూ తేలలేదు, నా వాదానికి అడ్డొచ్చే సంగతి ఒకటి దాచడం న్యాయం కాదు గనుక చెబుతున్నాను. తాతయ్య పోయాక అమ్మమ్మ రెండేళ్లు పట్నంలో మా ఇంట్లో ఉంది. చుట్టాల తాకిడి లేదు, వంటమనిషి ఉంది, వేళకు కంచం ముందుకు వచ్చేది. కానీ ఆవిడ కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. వారానికోసారి పట్టుబట్టి వంటింట్లోకి వెళ్లి, ముగ్గురికి వండమంటే ఎనిమిది మందికి వండేది. ఇది అలవాటా, ఇష్టమా అని ఒకసారి సూటిగానే అడిగాను. ‘చేతికి కొలత తప్పిందే. కింద వాచ్‌మన్ పిల్లలు తిన్నారేమో కనుక్కో’ అంది.