బెరడు మీది పసుపు లైకెన్: పెరిగిన చోటును బట్టి పేరు తేల్చొచ్చా?

పచ్చబెరడు:
పశువుల కొట్టం పక్కనున్న చెట్టు బెరడుకు పసుపు లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి) పట్టింది. ఫొటో చూసి ఒకరు జాంథోరియా పారియెటినా అన్నారు, ఇంకొకరు కాండెలేరియా కాంకలర్ అన్నారు. మొదటివారు చెప్పిన కారణం ఒక్కటే: పశువులున్న చోట అమ్మోనియా ఉంటుంది, కాబట్టి అది జాంథోరియానే. నాకు ఈ లెక్క మింగుడు పడటం లేదు.

రావిఆకు:
ఆ మాట అన్నది నేనే. లైకెన్‌కు వేళ్లుండవు, చెట్టు నుంచి ఆహారం తీసుకోదు. గాలి, వాన, దుమ్ము మోసుకొచ్చేవే దానికి పోషకాలు. పైన్ బెరడులో ఆమ్లం ఎక్కువ, మామూలుగా జాంథోరియాకు అది పడదు. అమ్మోనియా సోకి ఆ ఆమ్లం తగ్గితే అక్కడికీ వచ్చేస్తుంది. అంటే చోటు దాని జాతకం! 1866లో విలియం నైలాండర్ అనే లైకెన్ శాస్త్రవేత్త పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో లైకెన్లను గమనించి, అవి గాలి శుభ్రతకు కొలమానమని చెప్పాడు. అలాంటప్పుడు చోటును పక్కన పెట్టేస్తే ఎలా?

సూక్ష్మదర్శిని:
రావిఆకు గారూ, మీరు చెప్పిందంతా నిజమే. కానీ అమ్మోనియా తెచ్చేది నత్రజనే, కాండెలేరియాకు కూడా నత్రజని ఎక్కువున్న బెరడు బాగా పడుతుంది. రెండూ ఒకే చెట్టు మీద ఉండొచ్చు. రెండింటికీ ఒకే జాతకమైతే దాంతో ఏది ఏదో ఎలా చెబుతాం? భూతద్దం తీయండి. జాంథోరియా తమ్మెలు, అంటే అంచుల్లో చీలికలుగా ఉండే ఆకుల్లాంటి భాగాలు, వెడల్పుగా, కొన్ని మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. నారింజ రంగు పళ్లేల్లాంటి ఫలదేహాలు సాధారణంగా బోలెడు కనిపిస్తాయి. కాండెలేరియా తమ్మెలు మిల్లీమీటరు కూడా ఉండవు, అంచుల్లో పసుపు రవ్వ చల్లినట్టు పొడి ఉంటుంది.

పచ్చబెరడు:
ఇప్పుడే చూశాను. పళ్లేలు ఒక్కటీ లేవు. అంచుల్లో సన్నటి రవ్వ ఉంది, గోటితో గీరితే వేలికి అంటుకుంది.

సూక్ష్మదర్శిని:
అయితే జాంథోరియా కాదు. కానీ జాంథోమెండోజా అనే మరో లైకెన్ల ప్రజాతిలో కూడా కొన్నింటికి ఇలాంటి పొడి ఉంటుంది, అందుకే తొందరపడొద్దు. చిన్న ముక్క విడిగా తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక్క చుక్క వేయండి. చర్మం కాలుతుంది, చేతికి గ్లౌజు తప్పనిసరి. పారియెటిన్ అనే రంగు పదార్థం ఉంటే క్షణాల్లో ముదురు ఎరుపు, ఊదా రంగు వస్తుంది. జాంథోరియా, జాంథోమెండోజా రెండింటిలోనూ అది ఉంటుంది, కాండెలేరియాలో ఉండదు. ఈ రసాయన పరీక్షను లైకెన్లకు తెచ్చిందీ 1866లోనే, ఆ నైలాండరే.

రావిఆకు:
ఒక్క జాగ్రత్త. నీడలో పెరిగితే జాంథోరియా కూడా బూడిద పచ్చగా ఉంటుంది, అందులో పారియెటిన్ తక్కువ. అలాంటి ముక్క మీద చుక్క వేసి రంగు రాలేదంటే నేను ఒప్పుకోను. ఎండ తగిలే వైపు నుంచే తీయండి. చూశారా, ఇక్కడ కూడా చోటు అక్కరకొచ్చింది.

పచ్చబెరడు:
ఎండ వైపు, బాగా పసుపుగా ఉన్న ముక్క మీదే వేశాను. రంగు మారలేదు. రెండోసారీ అంతే.

రావిఆకు:
సరే, కాండెలేరియానే. పేరు విషయంలో నాదే తప్పు. కానీ మీ నోట్స్‌లో చెట్టు పేరు, బెరడు గరుకా నునుపా, కాండానికి ఏ వైపు, కొట్టం ఎంత దూరం, ఇవన్నీ రాయండి. ఆ పశువులు వెళ్లిపోయాక ఈ బెరడు మీద ఏం మిగులుతుందో చూడాలంటే అవే కావాలి.