వీపీఎస్‌లో ప్రైవేట్ వేరు, వీపీఎన్‌లో ప్రైవేట్ వేరు

నిన్న ఇక్కడ వర్చువల్‌కి తెలుగేంటని చర్చ నడిచింది కదా, నాకైతే దాని పక్కనున్న ప్రైవేట్ అన్న మాటే ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. వీపీఎస్ అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్, వీపీఎన్ అంటే వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్, రెండిట్లోనూ అదే మాట, అర్థం మాత్రం ఒకటి కాదు.

మా బాబాయి కొడుకు వెబ్‌సైట్ పెట్టుకుంటానంటే ఫోన్లో వీపీఎస్ తీసుకోరా అన్నాను, వాడికి వీపీఎన్ అని వినపడింది, ఏడాదికి డబ్బు కట్టేశాడు. సాయంత్రం ఫోన్ చేసి "అన్నయ్యా, యాప్ తెరిస్తే కనెక్ట్ అని ఒక్క బటనే ఉంది, నా ఫైల్స్ ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. వాడి తప్పేముంది, పేర్లే అలా ఉన్నాయి.

వీపీఎస్ అంటే అద్దెకి తీసుకున్న పోర్షన్. బిల్డింగ్ ఒకటే, అంటే అసలు మిషన్ ఒకటే, దాన్ని కేవీఎం లాంటి సాఫ్ట్‌వేర్‌తో వాటాలేసి మనకింత ర్యామ్, ఇంత డిస్క్ అని ఇస్తారు, తలుపు వేరు, తాళం వేరు, పక్కవాళ్ళు వాళ్ళ వాటాలో ఏం ఇన్‌స్టాల్ చేసుకున్నా మన సామాను కదలదు. ఇక్కడ ప్రైవేట్ అంటే సొంతం, గుట్టు కాదు. అసలు సైట్ పెట్టేదే పదిమంది వచ్చి చూడ్డానికి.

వీపీఎన్ మన ఇంటర్నెట్ రాకపోకలకి పరదా దించిన మేనా లాంటిది. దారి అందరిదీ, మేనా వెళ్తోందని అందరికీ కనపడుతుంది, లోపలేముందో, ఎక్కడికి పోతోందో తెలీదు. మోసే బోయీలకి, అంటే వీపీఎన్ కంపెనీకి మాత్రం తెలుసు. ఇక్కడ ప్రైవేట్ అంటే చాటు. ఆఫీసువాళ్ళ సొంత నెట్‌వర్క్ అనే అర్థం కూడా ఉంది, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఆఫీసు వీపీఎన్‌లోకి వెళ్ళేది అందుకే, కానీ జనం నోట్లో ఇప్పుడు చాటే మిగిలింది.

ఈ తేడా నాకు బాగా తెలిసొచ్చింది 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశంతో. అందులో వీపీఎస్ వాళ్ళనీ వీపీఎన్ వాళ్ళనీ ఒకే గాటన కట్టి, కస్టమర్ల పేర్లూ వివరాలూ 5 ఏళ్ళు భద్రంగా ఉంచమన్నారు. పోర్షన్ అద్దెకిచ్చేవాళ్ళు పేరు రాసుకోవడం మామూలే కదా, మేనా ఎక్కినవాళ్ళ పేర్లు రాసిపెట్టమంటే ఇక పరదా ఎందుకు? అందుకే గట్టిగా అభ్యంతరం చెప్పింది వీపీఎన్ కంపెనీలు, కొన్నయితే ఇండియాలో ఉన్న సర్వర్లు తీసేశాయి కూడా.

నిన్నటి చర్చలో వర్చువల్‌కి మిథ్య అన్నారొకరు. ఫిజిక్స్‌లో మిథ్యా ప్రతిబింబం తెరమీద పట్టలేం, అక్కడ కుదిరింది, వీపీఎస్‌లో పెట్టిన ఫైలు మాత్రం నిజంగానే ఉంటుంది, దాన్ని మిథ్య అంటే నాకు మనసొప్పడం లేదు. వర్చువల్ అన్న మాటని అలాగే ఉంచేసి ప్రైవేట్‌ని మాత్రం విడగొడదాం: వాటా సర్వర్, చాటు నెట్‌వర్క్. మావైపు రెండు వాటాల ఇల్లు అని ఇప్పటికీ అంటారు కాబట్టి మొదటిది ఎవరికైనా అందుతుంది. రెండోదానికి చాటు కంటే దగ్గరి మాట మీ ఊళ్ళో ఉంటే చెప్పండి.