సౌత్ పార్క్ నీళ్ళు: నగరం కొనుక్కోవాలా, కౌలుకు తీసుకోవాలా?

అరోరా వాసి:
మొన్న కొలరాడోలో సౌత్ పార్క్ అనే కొండల మధ్య మైదానంలో, ఫెయిర్‌ప్లే ఊరి వైపు వెళ్తుంటే ఒకప్పటి గడ్డి మళ్ళు ఎండి కనిపించాయి. అక్కడ పశువులు పెంచే రాంచర్లు తమ నీటి హక్కుల్ని మా అరోరా నగరానికి ఎప్పుడో అమ్ముకున్నారట. వాళ్ళ ఆస్తి, వాళ్ళిష్టం. డబ్బు తీసుకున్నాక ఇప్పుడు గొడవ ఎందుకండీ?

కొండగాలి:
అమ్మినవాళ్ళను నేనూ తప్పుపట్టను. పిల్లలు పట్నం వెళ్ళిపోయిన ముసలి రాంచరుకు ఆ హక్కే పెన్షన్. నా బాధంతా ఆ సంతకంతో ఇంకా ఏమేం పోతాయన్నదే.

సౌత్ పార్క్ ఉన్నది 9,000 నుంచి 10,000 అడుగుల ఎత్తున. అక్కడి పంట చలికాలానికి పశువులకు దాచే ఎండుగడ్డే. మే, జూన్ నెలల్లో మంచు కరిగి వాగులు పొంగితే కాలువలు తిప్పి మళ్ళన్నీ పారిస్తారు. గడ్డి తాగగా మిగిలింది నేలలో ఇంకి, ఊటగా మెల్లగా సౌత్ ప్లాట్ నదికే చేరుతుంది. గడ్డి నిజంగా తాగినంత నీటినే నగరం తీసుకెళ్ళాలని, మిగతా హక్కుదారులకు నష్టం రాకూడదని నీటి హక్కుల కేసులు చూసే నీటి కోర్టు చూస్తుంది. మంచిదే. కానీ ఆ ఊట మీద బతికే చిత్తడి నేలకూ, పిట్టలకూ, ఊళ్ళో పశువుల డాక్టరుకూ కాగితం మీద ఏ హక్కూ లేదు. వాళ్ళ తరఫున కోర్టులో ఎవరు నిలబడతారు? అందుకే నగరం హక్కును కొనేయకుండా, అవసరమైన ఏడాదికి నీళ్ళు కౌలుకు తీసుకోవాలంటాను.

అరోరా వాసి:
మేం దాదాపు 4 లక్షల మందిమి. 2002 కరువులో ఎంత టెన్షన్ పడ్డారో ఇక్కడి పాతవాళ్ళను అడగండి. కౌలు నీళ్ళను నమ్ముకుని కొత్త ఇళ్ళకు పర్మిషన్ ఎలా ఇస్తారు?

కొండగాలి:
ఇళ్ళకు ఏటా ఖాయంగా వచ్చే నీళ్ళు కావాలి, ఒప్పుకుంటాను. దానికి మీ నగరమే మంచి దారి వేసింది. 2010లో మొదలైన ప్రైరీ వాటర్స్ పథకంతో, వాడి వదిలిన నీటిని సౌత్ ప్లాట్ నది దిగువన బావుల్లోంచి తోడి, శుద్ధి చేసి వెనక్కి తెచ్చుకుంటోంది. 2022లో కొత్త కట్టడాల దగ్గర అలంకారం కోసం వేసే పచ్చిక మీద ఆంక్షలు పెట్టింది. ఇక మిగిలింది కరువు ఏడాది లోటు. దానికే కౌలు అంటున్నాను. 2004, 2005లో కొలరాడోలోనే ఉన్న అర్కాన్సా నది లోయలో రాకీ ఫోర్డ్ హైలైన్ కాలువ రైతుల దగ్గర అరోరాయే నీళ్ళు కౌలుకు తీసుకుంది. రైతుకు డబ్బూ అందింది, హక్కూ చేతిలోనే ఉంది.

నీళ్ళు అమ్మేసిన మళ్ళు ఎలాగూ తిరిగి రావు. అంత ఎత్తున వేసవి చిన్నది, ఎండిన మడిలో మళ్ళీ గడ్డి పట్టడానికే ఏళ్ళు పడుతుంది. కొండల్లో ఇంకా అమ్మకుండా మిగిలిన హక్కుల విషయంలోనైనా ముందు కౌలు అడిగి చూడమని మీ కౌన్సిల్ మెంబరుకు ఒక ఈమెయిల్ పెట్టండి. అక్కడ ఓటు ఉన్నది మీకే, నాకు లేదు.