యాప్‌లో ‘ఆర్గానిక్’ కందిపప్పు: దేన్ని చూసి నమ్మాలి?

వంటింటి_లెక్క:
రెండు కిరాణా యాప్‌లలో రెండు రకాల ఆర్గానిక్ కందిపప్పు చూశాను. ఒకదానికి 4.6 స్టార్లు, పచ్చ ఆకు బొమ్మ, క్యూఆర్ స్కాన్ చేస్తే రైతు ఫొటో. రెండోదానికి రివ్యూలు లేవు, ప్యాకెట్ మీద జైవిక్ భారత్ (ఆర్గానిక్ ఆహారానికి ప్రభుత్వ గుర్తు) లోగో ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు రెండింటికీ ఉంది. ఏది నమ్మొచ్చు?

లేబుల్_గోల:
ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరును పక్కన పెట్టండి. ఆ 14 అంకెలు తిండి సరుకుల వ్యాపారానికి అనుమతి ఉందని మాత్రమే చెబుతాయి. మామూలు పప్పు మీదా అదే ఉంటుంది. ఆర్గానిక్ అని ప్యాక్ చేసి అమ్మాలంటే ఎన్‌పీఓపీ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది) ధ్రువీకరణో పీజీఎస్-ఇండియాదో (రైతుల బృందాలు ఒకరినొకరు తనిఖీ చేసుకునేది) కావాలి. జైవిక్ భారత్ పక్కన ఆ రెండింటిలో ఒక గుర్తు ఉందేమో చూడండి. ‘పీజీఎస్-గ్రీన్’ అని ఉంటే ఆ పొలం ఇంకా రసాయన సాగు నుంచి ఆర్గానిక్‌కు మారే దశలోనే ఉందని అర్థం. పచ్చ ఆకు బొమ్మను ఎవరైనా గీసుకోవచ్చు.

అమ్మేవాళ్లను సర్టిఫికెట్ అడగండి. అందులో మూడు చూడాలి: ఎవరి పేరు మీద ఉంది, గడువు ఉందా, జాబితాలో కంది ఉందా. రైతుకు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదు, మర ఆడించి ప్యాక్ చేసేవాళ్లకీ ఉండాలి. సర్టిఫికెట్ల గొలుసు అక్కడ తెగిపోవచ్చు.

పురుగుమందు_పరీక్ష:
స్టార్లు పప్పు త్వరగా ఉడికిందా, డెలివరీ టైముకొచ్చిందా అన్నదానికి పడతాయి. పురుగుమందు అవశేషం నాలుకకు తెలియదు కదా! క్యూఆర్ కూడా అమ్మేవాళ్ల సొంత సైటుకే తీసుకెళ్తే అది ప్రకటన కిందే లెక్క.

ల్యాబ్ రిపోర్టు పెడితే అందులోని లాట్ నంబరు మీ ప్యాకెట్‌తో కలవాలి. ఏయే మందులకు పరీక్షించారో చూడండి. పదింటికే చేసి ‘ఏమీ లేవు’ అని రాస్తే లాభం లేదు. ఆర్గానిక్‌కు అవశేషాల హద్దు మామూలు పరిమితిలో 5 శాతం, లేదా పరికరం కొలవగల కనీస స్థాయి, ఏది ఎక్కువైతే అది. రిపోర్టు శుభ్రంగా ఉన్నా సర్టిఫికెట్‌కు బదులు కాదు. రసాయన ఎరువు వేశారో లేదో అది చెప్పదు.

వంటింటి_లెక్క:
వాట్సాప్ గ్రూపులో నేరుగా అమ్మే చిన్న రైతుకూ ఇదంతా ఉండాలా?

లేబుల్_గోల:
ఏటా 12 లక్షల లోపు అమ్మకాలుండి, నేరుగా వినియోగదారుకే ఇచ్చే రైతుకు ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. కానీ జైవిక్ భారత్ లోగో వాడకూడదు. ధ్రువీకరణ లేదంటూనే ఆ లోగో వేస్తే అనుమానించాల్సిందే. ‘నేచురల్’ అన్న మాట ఒక్కటే ఉంటే దాని వెనక ఏ ధ్రువీకరణా ఉండనక్కర్లేదు. అయితే 2024 అక్టోబరు గ్రీన్‌వాషింగ్ (పర్యావరణం పేరుతో తప్పుడు ప్రచారం) మార్గదర్శకాల ప్రకారం అలాంటి మాటలకు ఆధారం చూపాలి.

ఆర్డర్ పెట్టేముందు యాప్ పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత వివరణ మార్చేస్తుంటారు. వచ్చిన ప్యాకెట్ ఫొటోతో కలిపి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.