కొత్త పన్ను విధానంలో పీఎఫ్ తగ్గించుకుంటే లాభమా, నష్టమా?

నెలాఖరు:
మా హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. బేసిక్ మీద 12 శాతం కట్ అవుతున్న పీఎఫ్‌ను, కావాలంటే పీఎఫ్ నిబంధనల్లో జీతానికి ఉన్న 15,000 పరిమితి లెక్కన నెలకు 1,800కి తగ్గించుకోవచ్చట. నా బేసిక్ 50,000. గ్రాస్ ఏడాదికి 13.5 లక్షలు, కంపెనీ పీఎఫ్ వాటా దానికి అదనం. నేనున్నది కొత్త పన్ను విధానంలో. ఇప్పుడు 6,000 పోతోంది కాబట్టి నెలకు 4,200 చేతికి ఎక్కువొస్తుంది. పొదుపు మీద పన్ను తగ్గించే 80సి మినహాయింపే ఇందులో లేనప్పుడు పీఎఫ్‌లో ఎందుకు పెట్టాలన్నది నా వాదన. మా ఆవిడ వద్దంటోంది. మీరేమంటారు?

అద్దె_ఇల్లు:
తగ్గించేయండి. పన్ను లాభం లేని చోట డబ్బు ఇరవై ఏళ్లు ఇరికించుకోవడం ఎందుకు? ఇప్పుడు అవసరాలున్న వయసు.

పేస్లిప్_చదువరి:
కాస్త ఆగండి. పదకొండేళ్లుగా పేరోల్ పనిలో ఉన్నాను, అందరూ తికమకపడేది ఇక్కడే. పీఎఫ్ అంటే ఒకటి కాదు, రెండు వాటాలు. పన్ను దగ్గర రెండింటి దారీ వేరు.

మీ వాటా సంగతిలో మీరన్నది నిజమే. కొత్త విధానంలో దానికి మినహాయింపు లేదు. 6,000 కట్టినా 1,800 కట్టినా పన్ను మారదు, కాబట్టి ఆ 4,200 మొత్తం చేతికొస్తుంది. పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉండి, 80సి కింద ఇంకేమీ లేనివారికైతే ఇందులో 1,310 దాకా పన్నుకే పోయేది.

కంపెనీ వాటా అలా కాదు. బేసిక్‌లో 12 శాతం వరకు అది కొత్త విధానంలోనూ పన్నులేని డబ్బే. దాన్ని కూడా 1,800కి దించి, మిగిలిన 4,200ను అలవెన్సుగా ఇస్తే అది జీతమైపోతుంది. మీ 15 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి నెలకు 655 పన్ను. పైగా మీరు ఈపీఎస్‌లో, అంటే ఉద్యోగుల పెన్షన్ పథకంలో కూడా ఉంటే, కంపెనీ ఇచ్చే 1,800లో 1,250 పెన్షన్‌కే పోయి, పీఎఫ్ ఖాతాలో పడేది 550 మాత్రమే. అందుకే ఆ మెయిల్‌లో తగ్గేది ఒక వాటానా, రెండూనా అన్నది ముందు చూడండి.

మీకు అసలు లాభం వేరే చోట ఉంది. జీతంలో కొంత భాగాన్ని కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్‌కు, అంటే జాతీయ పెన్షన్ పథకానికి మళ్లిస్తే, కొత్త విధానంలో బేసిక్‌లో 14 శాతం వరకు మినహాయింపు వస్తుంది. మీకది ఏడాదికి 84,000. 2025-26 లెక్క చూడండి. 13.5 లక్షల్లో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 12,75,000, పన్ను సెస్సుతో 74,100. ఎన్‌పీఎస్ 84,000 కూడా తీసేస్తే 11,91,000. 12 లక్షల లోపు కాబట్టి రిబేటుతో, అంటే పన్ను మాఫీతో, కట్టాల్సింది సున్నా. అంటే 84,000 దాస్తే మీ చేతి నుంచి నిజంగా తగ్గేది 9,900, నెలకు 825. మీరు సరిగ్గా ఆ గీత దగ్గర ఉన్నారు కాబట్టే ఇంత. అందరికీ ఇలా రాదు.

అద్దె_ఇల్లు:
ఎన్‌పీఎస్ డబ్బు చాలా ఏళ్లు దాదాపు చేతికి రాదు, వచ్చాక కూడా సాధారణంగా కొంత యాన్యుటీకి, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే ప్లాన్‌కు పెట్టాలి. అది చెప్పరేం?

పేస్లిప్_చదువరి:
నిజమే, అది నేనే ముందు చెప్పాల్సింది. అత్యవసరానికి చేతిలో ఏమీ లేనివాళ్లు ఇందులోకి దిగకూడదు. కానీ నెలకు 825 తగ్గి ఏడాదికి 84,000 చేరుతున్నప్పుడు, డబ్బుకు పడే ఆ తాళం ఖరీదు ఎంతో కూడా లెక్కేసుకోండి.

ఒకప్పుడు_తగ్గించినవాణ్ణి:
2023లో నేనూ 1,800కి దించాను. మిగిలింది నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో సిప్‌గా వేద్దామనుకున్నాను. మూడు నెలలు వేశాను. నాలుగో నెల ఫ్రిజ్ పాడైంది, తర్వాత బండి ఈఎమ్‌ఐ. ఇప్పుడు ఆ డబ్బు ఎటుపోయిందో చెప్పలేను. పక్క సీటు మిత్రుడిది, అదే జీతం, పీఎఫ్ అలాగే ఉంచాడు. మొన్న తన పాస్‌బుక్ ఫోన్లో చూపించాడు. 2024-25కి వడ్డీ 8.25 శాతం పడింది. ఆ స్క్రీన్ చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పన్ను మినహాయింపు లేకపోతే పొదుపే వద్దనుకోవడం నా తప్పు. దయచేసి మీరు అలా అనుకోకండి.

అద్దె_ఇల్లు:
అది మీ అలవాటు గురించి, పీఎఫ్ గురించి కాదు కదండీ. నేను నెలనెలా వేస్తున్నాను.

ఒకప్పుడు_తగ్గించినవాణ్ణి:
వేసేవాళ్లకు నా మాట అక్కర్లేదు. నాలాంటివాళ్లకు మాత్రం జీతం పడకముందే కట్ కావడమే కాపాడుతుంది.

నెలాఖరు:
మెయిల్‌కు జోడించిన ఫారం ఇప్పుడే తెరిచాను. రెండో పేజీ కింద, చిన్న అక్షరాల్లో, ‘ఉద్యోగి, యజమాని వాటాలు రెండూ’ అని ఉంది. పైన మెయిల్‌లో ఆ మాటే లేదు. సంతకం పెట్టలేదు. కంపెనీ వాటా అలాగే ఉంచుతారా, ఎన్‌పీఎస్ సదుపాయం ఉందా అని రెండు ప్రశ్నలు రాసి హెచ్‌ఆర్‌కు పంపాను.